చెట్టున్న ప్లాటులో ఇల్లు: ఏ జాగకు ఏ పద్ధతి తగినది

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల అంచుల్లోని చెల్కలు, తోటలు ప్లాట్లుగా మారుతున్న కొద్దీ, కొన్న జాగలో ఒక పెద్ద వేపచెట్టో చింతచెట్టో ముందే నిలబడి ఉండటం మామూలైంది. ఇల్లు మొదలుపెట్టే ముందు యజమాని అడిగే మాట ఒక్కటే: దీన్ని కొట్టించాలా, ఉంచాలా? ఉంచుదామనుకున్నవారు ఆ వెంటనే అడగవలసిన రెండో మాట సాధారణంగా అడగరు: ఉంచితే ఇంటిని ఎట్లా కట్టాలి? చెట్టును ఉంచి కట్టే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. ఇంటిని ఒక పక్కకు జరిపి చెట్టును ఆరుబయట వదలవచ్చు. చెట్టును నడుమ ఉంచి చుట్టూ భవంతి ఇల్లులా కట్టవచ్చు. స్లాబులో ఖాళీ వదిలి చెట్టును అందులోంచి పైకి పోనివ్వవచ్చు. వేర్లు తెగకుండా ఇంటిని పిల్లర్ల మీద లేపవచ్చు. ఈ నాలుగూ సమానం కావు. నా అనుభవంలో మొదటిది ఎక్కువమందికి తగినది, నాలుగోది చిన్న ప్లాటుకు దారి చూపేది, రెండోది చూడటానికి అందమైనది కాని చెట్టుకు అన్నిటికంటే కష్టమైనది, మూడోది చాలావరకు మానుకోవలసినది. కారణాలు నేలలో ఉన్నాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

చెట్టు ఎంత ఎత్తుంటే వేరు అంత లోతుకు పోతుందని మనలో చాలామంది నమ్ముతారు. నిజానికి నీటిని, పోషకాలను పీల్చే సన్నని వేర్లలో అత్యధిక భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటుంది, అది కొమ్మల నీడ దాటి పక్కలకు వ్యాపిస్తుంది. మన చెల్క నేలల్లో కొద్ది అడుగుల కిందనే మొరం, దాని కింద బండ తగులుతాయి కనుక వేర్లు లోతుకు పోవడం కంటే పక్కలకు పాకడమే ఎక్కువ. అందుకే కాపాడవలసినది మొదలును మాత్రమే కాదు, దాని చుట్టూ ఉన్న ఒక పెద్ద వలయాన్ని. ఆ వలయం వ్యాసార్ధం మొదలు మందానికి 12 రెట్లు ఉండాలని చెట్ల సంరక్షణ నిపుణులు పాటించే లెక్క. మందం కొలవడం కష్టం కనుక, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతను సుమారు 4తో గుణిస్తే అదే లెక్క వస్తుంది. ఆరడుగుల చుట్టుకొలత ఉన్న వేపచెట్టుకు అన్ని వైపులా 24 అడుగులు కావాలన్నమాట. ఆ వలయం వైశాల్యం సుమారు 1,800 చదరపు అడుగులు, అంటే దాదాపు 200 గజాలు. మన పట్టణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే ప్లాటు కూడా అంతే కనుక, 200 గజాల జాగ నడుమ అటువంటి చెట్టు ఉంటే దాదాపు ప్లాటు మొత్తం దాని వేర్ల జాగే అవుతుంది. వలయంలో ఒక వైపున పదో వంతు దాకా పోయినా ఆరోగ్యంగా ఉన్న చెట్టు సాధారణంగా తట్టుకుంటుంది. అంతకు మించితే పద్ధతి మార్చుకోవాలి, లేదా చెట్టుపై ఆశ వదులుకోవాలి.

ఇక నేల. ఎర్రచెల్కలో, దుబ్బలో పునాదికి చెట్టు వల్ల వచ్చే ప్రమాదం తక్కువ. వేర్లు ఇంటి పునాదిని లేపేస్తాయన్న భయం ఎక్కువగా ప్రహరీ గోడలకు, మెట్లకు, గచ్చుకు మాత్రమే వర్తిస్తుంది. నల్లరేగడిలో సంగతి వేరు. రేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది; పెద్దచెట్టు ఎండకాలంలో అందులోని తేమను లాగేస్తే ఆ వైపు పునాది కిందికి దిగి, కిటికీల మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. గద్వాల, ఆలంపూర్ వైపు నడిగడ్డ పల్లెల్లో కట్టేవారు ఈ సంగతిని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. రేగడిలో చెట్టును కొట్టేస్తే పీడ పోతుందనుకోవడం కూడా పొరపాటు, ఎందుకంటే తేమను లాగే చెట్టు లేకపోయిన తర్వాత నేల కొన్ని వానకాలాల పాటు ఉబ్బుతూ వచ్చి ఈసారి ఇంటిని పైకి నెడుతుంది. కొట్టక తప్పకపోతే మోడును, పెద్ద వేర్లను పెకిలించి, కనీసం ఒకటి రెండు వానకాలాలు గడిచాక పునాది తీయడం మంచిది. ఆగలేనివారికి అండర్ రీమ్డ్ పైల్ పునాది తగినది: నేలలోకి సన్నని గుంతలు తొలిచి, అడుగున గుండ్రంగా వెడల్పు చేసి కాంక్రీటు నింపే ఈ పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసమే రూపొందించి ప్రచారంలోకి తెచ్చింది. గుంతలు సన్నగా ఉంటాయి కనుక చెట్టు పక్కన కూడా ఇదే అనువైనది.

దిక్కు సంగతి చాలామంది వాస్తు కోణం నుంచి మాత్రమే ఆలోచిస్తారు. ఎండ కోణం నుంచి కూడా చూడాలి. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17 డిగ్రీల దగ్గర ఉన్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగానే ఉంటాడు కనుక, వేసవిలో దక్షిణపు గోడకు రెండడుగుల సజ్జ చాలు. పడమటి గోడను ఏ సజ్జా కాపాడలేదు. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఏటవాలుగా పడే ఎండకు అది రొట్టెల పెనంలా కాలి, రాత్రి పది దాటినా గదిలోకి సెగ వదులుతూనే ఉంటుంది. 44 డిగ్రీలు దాటే మన ఎండల్లో పడమర ఉన్న పెద్దచెట్టు ఇంటికి చేసే మేలును ఏ పెయింటూ చేయలేదు. అందువల్ల చెట్టు పడమర ఉంటే దాన్ని ఉంచడానికి ఎంత ఇబ్బంది అయినా పడాలని నా అభిప్రాయం. తూర్పున ఉంటే దాని విలువ కొంత తక్కువ, ఉత్తరాన ఇంకా తక్కువ. డాబా మీద సోలార్ పలకలు పెట్టుకునే ఆలోచన ఉన్నవారు దక్షిణపు చెట్టును లెక్కలోకి తీసుకోవాలి: 40 అడుగుల చెట్టు నీడ డిసెంబరు నెల మిట్టమధ్యాహ్నం ఉత్తరంగా సుమారు 34 అడుగులు పడుతుంది, అంటే చలికాలమంతా పలకలకు అడ్డు. పడమటి చెట్టు మాత్రం సాయంత్రపు ఒకటి రెండు గంటలనే తీసుకుంటుంది.

ఇప్పుడు మొదటి పద్ధతికి వస్తాను. 300 గజాలు, అంతకు పైన ఉన్న జాగలో చెట్టు ఒక అంచున గాని మూలన గాని ఉంటే, ఇంటిని ఎల్ ఆకారంలో తూర్పు, ఉత్తరాల వైపు కట్టి, పడమర దక్షిణాలను చెట్టుకు వదలడం అన్నిటికంటే సులువైనది. ఎట్లాగూ అనుమతి నిబంధనల ప్రకారం నాలుగు వైపులా కొంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీని చెట్టున్న వైపుకు కలుపుకొంటే పోయే జాగ అనుకున్నంత ఉండదు. మామూలు పునాదే సరిపోతుంది, మేస్త్రీకి కొత్త పని ఏదీ నేర్పనక్కర లేదు, ఖర్చు పెరగదు. రేపు ఒక ఎండుకొమ్మను దించాలన్నా మనిషి ఎక్కడానికి, తాడు కట్టడానికి చోటుంటుంది. చెట్టు కింద ఒక గద్దె కట్టుకుంటే అదే ఇంటికి మరో గది. వాస్తు పట్టింపు ఉన్నవారి నుంచి నైరుతి మూల తెగిందనో, పడమర ఖాళీ ఎక్కువైందనో అభ్యంతరం వస్తుంది. అయితే ఎత్తైన చెట్లు దక్షిణ పడమరల్లో ఉండాలని చెప్పేదీ ఆ వాస్తే. ఏ నియమానికి ఎక్కువ విలువ ఇవ్వాలో ఇంటివారే తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు మే నెలలో ఒక సాయంత్రం ఎవరింటిదైనా నీడ లేని పడమటి గోడను అరచేత్తో తాకి చూడమని కోరతాను.

రెండో పద్ధతి, చెట్టు చుట్టూ ఇల్లు, ఈ మధ్య ఫోటోలు చూసి చాలామంది అడుగుతున్నారు. మన పాత భవంతి ఇళ్ల నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉండేది, అందులో తులసికోట ఉండేది. పెద్ద మాను ఉండేది కాదు. అందుకు తగిన కారణం ఉంది. నాలుగు వైపులా పునాది తవ్వితే వేర్లు నాలుగు వైపులా తెగుతాయి. పదో వంతు మించకూడదన్న లెక్క ఇక్కడ నిలవాలంటే నడిమి ఖాళీయే దాదాపు 200 గజాలు ఉండాలి. అంత జాగ ఊరి బయట అర ఎకరం కొనుక్కున్నవారికి ఉంటుంది గాని పట్టణంలో ఉండదు. పైగా చుట్టూ గదులు లేచిన తర్వాత ఆ చెట్టు దగ్గరికి క్రేను గాని, కనీసం ఒక నిచ్చెన గాని సరిగా పోదు. కొమ్మ విరిగితే పడేది ఇంటి మీదే. ఆకు, పూత, వాన నీరు అన్నీ లోపలికే వస్తాయి కనుక నడుమన నీళ్లు పోయే దారి పెద్దదిగా పెట్టాలి. అయినా ఈ పద్ధతే కావాలనుకుంటే, నడుమ ఉన్నది సీతాఫలమో, జామో, పారిజాతమో అయితే నిస్సంకోచంగా చేయవచ్చు. బాలానగర్ సీతాఫలానికి పేరు తెచ్చిన జిల్లాలో ఇంటి నడుమ ఒక సీతాఫలం చెట్టు నీడనివ్వడం కంటే తగిన అలంకారం ఉండదు. దాని చుట్టుకొలత చిన్నది కనుక పది పన్నెండు అడుగుల ఖాళీ చాలు.

మూడోది, స్లాబులోంచి చెట్టు పోవడం. మొదలు ఏటేటా లావెక్కుతుంది, గాలికి ఊగుతుంది. స్లాబు లావెక్కదు, ఊగదు. ఇవాళ అరడుగు ఖాళీ వదిలితే పదేళ్లలో బెరడు కాంక్రీటుకు ఒరుసుకుంటుంది, ఆ గాయం నుంచి చెదలు, బూజు లోపలికి దిగుతాయి. ఆ ఖాళీ నుంచి వాన కారకుండా చుట్టిన రబ్బరు పట్టీలు రెండు మూడు ఎండకాలాలకు మించి నిలవడం నేను చూడలేదు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారాలు చూసినవారికి ఇంతకంటే చెప్పనక్కర లేదు. తాటిచెట్టు మొదలు ఒకసారి రూపుకట్టాక లావెక్కదు కనుక దానికి ఈ పద్ధతి కొంత నయమే గాని, ఎత్తు నుంచి రాలే మట్టలు, కాయలు డాబాకూ మనుషులకూ ప్రమాదం. వరండా నీడ చెట్టు దాకా రావాలని కోరిక ఉంటే స్లాబుకు రంధ్రం పెట్టకుండా, దాని అంచును మొదలుకు మూడడుగుల దూరంలో అర్ధచంద్రాకారంగా వంచి ఆపేయవచ్చు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణలో ఆర్కిటెక్టు లారీ బేకర్ చెట్లు అడ్డొచ్చిన చోట గోడలనే వంచి కట్టారు. వంపు తిరిగిన ఇటుక గోడ సన్నగా ఉన్నా గట్టిగా నిలుస్తుంది కనుక అది వృథా ఖర్చు కూడా కాదు.

నాలుగోది 200 గజాలవారి కోసం. చెట్టు ప్లాటు అంచున ఉండి, దాని వలయం ఇంటి జాగలోకి బాగా చొచ్చుకు వస్తే, ఆ భాగంలో బండరాళ్ల పునాదికి బారుగా కందకం తవ్వకూడదు. విడివిడి పిల్లర్ల గుంతలు మాత్రమే తీయాలి. అవి కూడా జేసీబీతో కాక గడ్డపారతో, పారతో. రెండంగుళాలకు మించిన వేరు తగిలితే పిల్లరును ఒకటి రెండడుగులు పక్కకు జరపాలి, అందుకు ఇంజనీరు ముందే రెండు మూడు చోట్లు గీసి ఇవ్వాలి. పిల్లర్లను కలిపే బీములు నేలలో పూడ్చకుండా నేల పైన పోయాలి. వేర్ల మీదికి రావలసిన గదిని ముందుకు పొడిగించిన స్లాబు మీద నాలుగైదు అడుగుల దాకా గాలిలో నిలపవచ్చు. కింది గదుల నేలకు కూడా స్లాబు అదనంగా పోయాలి కనుక ఖర్చు తప్పక పెరుగుతుంది, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. ఇంకో సంగతి: గది కింద వాన తగలని నేల ఎండిపోతుంది కనుక వలయంలో మూడో వంతుకు మించి ఇట్లా కప్పకూడదు, డాబా నీటిలో కొంత ఆ వైపు ఇంకేటట్లు గొట్టం వదలాలి.

చెట్టు జాతిని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. చింత గట్టి చెట్టు, గాలికి తేలికగా విరగదు, నూరేళ్లు దాటి బతుకుతుంది. ఇంటి పక్కన ఉంచదగిన వాటిలో దానికి సాటి లేదు. వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఉగాదికి పూతతో, ఎండలు ముదిరే నాటికి నిండు నీడతో సిద్ధంగా ఉంటుంది. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మల చివర్లు మాడిపోయినప్పుడు చెట్టు చచ్చిందని చాలామంది కొట్టించారు. అది శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు, తర్వాత చాలా చెట్లు తిరిగి చిగురించాయి. కాబట్టి మాడిన కొమ్మలను చూసి వేపను కొట్టకండి, బెరడు గీరి లోపల పచ్చగా ఉందేమో చూడండి. కానుగ, మామిడి ఉంచదగినవే. తురాయి ఎంత అందంగా పూసినా వేర్లు పైపైనే ఉంటాయి, కొమ్మ పెళుసు. ఇంటికి దగ్గరగా ఉంటే వదులుకోవడమే మేలు. సుబాబుల్, జామాయిల్ అయితే వదులుకోవడానికి నేను ఆలోచించను కూడా. మర్రి, రావి, జువ్వి వేరే తరగతి. మహబూబ్‌నగర్ పక్కన ఉన్న పిల్లలమర్రిని చూసినవారికి అర్థమవుతుంది: దాదాపు 700 ఏళ్లదని చెప్పే ఆ మర్రి మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి కూలినప్పుడు చెదలు ఎంత లోతుకు దిగాయో బయటపడి, మందును సెలైన్ సీసాలతో చుక్క చుక్కగా ఎక్కించి, కొమ్మలకు ఆసరాలు కట్టి దాన్ని నిలబెట్టారు. అటువంటి జాతిని ఇవాళ్టి కొలతతో కాక అది పెరగబోయే కొలతతో చూడాలి. చిన్న ప్లాటులో మర్రి ఉంటే ఆ ప్లాటే కొనకపోవడం మంచిది. ఊరికి చెందిన జాగలోకి తరలించే వీలుంటే, ఈ జాతి చెట్లు వేర్ల గడ్డతో సహా తీసి నాటితే సాధారణంగా బాగా నాటుకుంటాయి. ముసలి చింతను, మామిడిని అట్లా తరలించే ప్రయత్నం ఎక్కువగా వృథా అవుతుంది.

కొట్టక తప్పని చెట్లూ ఉంటాయి. మొదలు తొర్రబోయి తడితే డొల్ల శబ్దం వచ్చేవి, ఒక వైపు ఒరిగి వెనుక నేల పగిలినవి ఇంటి పక్కన ఉండకూడదు. అప్పుడైనా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అటవీ శాఖ అనుమతి తీసుకున్న తర్వాతే గొడ్డలి పెట్టాలి. తాటి, ఈత చెట్లు గీత కార్మికుల జీవనం కనుక వాటికి ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి.

పద్ధతి ఏదైనా, ఇక్కడ చెట్లను చంపేది ఎక్కువగా గొడ్డలి కాదు, మొరం. రోడ్డు ఎత్తు పెరిగిందని వాకిలిని రెండు మూడడుగులు మొరంతో నింపి రోలరు తొక్కించడం మనకు అలవాటు. ఆ బరువు కింద పై పొరలోని వేర్లకు గాలి అందదు. చెట్టు వెంటనే చావదు కనుక కారణం ఎవరికీ తట్టదు. పదిహేనేళ్ల కింద నల్లగొండ శివారులో నా పర్యవేక్షణలో కట్టిన ఒక ఇంట్లో ముసలి చింతచెట్టు కోసం నక్షా రెండుసార్లు మార్చాం, గోడను వెనక్కి జరిపాం, ఒక్క పెద్ద వేరు కూడా తెగకుండా కట్టాం. గృహప్రవేశానికి ముందు వాకిలి చదును చేసేటప్పుడు నేను అక్కడ లేను, చెప్పి ఉండవలసిన మాట చెప్పి ఉండలేదు. మొదలు చుట్టూ మూడడుగుల మొరం పోశారు. రెండో ఏడు చివరి కొమ్మలు ఎండాయి, నాలుగో ఎండకాలానికి చెట్టు మోడైంది. అప్పటి నుంచి నేను గీసే ప్రతి నక్షాలో చెట్టు దగ్గరి పాత నేల ఎత్తును ఇంటి బేస్‌మెంట్ ఎత్తుతో పాటు అంకెల్లో రాస్తున్నాను. ఇల్లు ఎత్తు పెంచాలంటే పెంచండి. వలయం అంచున సిమెంటు లేకుండా పేర్చిన రాతికట్టు కట్టి, లోపలి నేలను పాత ఎత్తులోనే ఉంచి, నీళ్లు నిలవకుండా ఒక మూల దారి వదలండి. చెట్టు కింద పరచాలనుకుంటే షాబాద్ బండలను ఇసుక మీద సందులతో పరచండి, కింద కాంక్రీటు పోయకండి.

పని జరిగే ఏడాది కూడా జాగ్రత్త కావాలి. ఇసుక, కంకర, ఇటుకలు దించడానికి మేస్త్రీలు ముందు వెతికేది చెట్టు నీడే. సిమెంటు కలిపిన నీళ్లు పారబోసేదీ అక్కడే. ప్లాటు చదును చేయడానికి జేసీబీ రాకముందే వలయం చుట్టూ గుంజలు పాతి తీగ కట్టించాలి. పునాదిలో పోసే చెదల మందును వలయం వైపు తగ్గించి వాడమని చెప్పాలి. సెప్టిక్ ట్యాంకు, సంపు, మురుగు గొట్టాలు చెట్టుకు ఎదుటి పక్కన ఉండాలి, ఎందుకంటే కారే అతుకులనే వేర్లు వెతుక్కుంటూ వస్తాయి. ఇంకుడు గుంత మాత్రం వలయం అంచుకు దగ్గరలో ఉంటే రెంటికీ మేలు. పని ఎండకాలంలో నడుస్తుంటే పది రోజులకు ఒకసారైనా చెట్టుకు బాగా నీళ్లు పట్టించాలి.

ఇంటికి ముగ్గు పోసే రోజున మేస్త్రీ చేతికి గదుల కొలతలు ఇచ్చే ముందు టేపు ఇచ్చి చెట్టు దగ్గరికి తీసుకుపోండి. మొదలు చుట్టుకొలత తీయించి, 4తో గుణించి, ఆ వలయానికి మొదట ముగ్గు పోయించండి. పునాది గీతలు దాని తర్వాత పోయించండి.